తువ్వాలు కాదమ్మా, తువాలు: ఒక ఆర్‌ఓ మెకానిక్ అనుభవం

"తువాలు వెళ్తున్నానమ్మా" అని ఫోన్లో చెప్తే మా అమ్మ ఒక్క క్షణం ఆగి, "తువ్వాలు కోసం విమానం ఎక్కడం ఏంట్రా, మీ ఊళ్ళో దొరకవా" అంది. ఆవిడ తప్పేం లేదు, నాలుగేళ్ళ క్రితం వరకు పసిఫిక్ మహాసముద్రంలో ఆ పేరుతో ఒక దేశం ఉందని నాకూ తెలియదు. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ఆర్‌ఓ యంత్రం రిపేరుకని 2024 ఫిబ్రవరిలో అయిదు రోజుల పనికి వెళ్ళి ఇరవై ఆరు రోజులు ఉండిపోయాను. ఆ ముచ్చటే ఇది.

మాది మొగల్తూరు వైపు. బోరు వేస్తే ఉప్పునీళ్ళే, అందుకే మా దగ్గర ఊరికో వాటర్ ప్లాంటు, ఇంటికో ఇరవై లీటర్ల క్యాను. నేను భీమవరంలో ఆ ప్లాంట్ల రిపేర్లు నేర్చుకుని, తెలిసినవాళ్ళ ద్వారా ఫిజీ రాజధాని సువాలో ఒక చిన్న కంపెనీలో చేరాను. సువాలో మా అకౌంట్స్ చూసే ఆయన ముత్తాత పేరు అప్పన్న, 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి చెరుకు తోటల్లో కూలికి వచ్చిన ఓడల్లో ఒకదానిలో దిగాడట. ఆయనకు తెలుగు ముక్క రాదు, ఫిజీ హిందీలోనే నన్ను "మన ఊరాయన" అంటాడు. నాకు డబ్బు గురించి అసలైన సలహా ఇచ్చింది కూడా ఆయనే: నోట్లు పట్టుకెళ్ళు, ఎక్కువ పట్టుకెళ్ళు, ఆస్ట్రేలియా డాలర్లే పట్టుకెళ్ళు. తువాలుకు సొంత నాణేలు ఉన్నాయి గాని నోట్లు లేవు, ఆస్ట్రేలియా డాలరే వాళ్ళ డబ్బు. అప్పటికి దేశం మొత్తానికి ఒక్క ఏటీఎం కూడా లేదు, కార్డు గీకే చోటూ లేదు. మొదటి ఏటీఎం 2025 ఏప్రిల్‌లో పెట్టారు, ప్రధానమంత్రి వచ్చి కేకు కోశాడని తర్వాత వార్తల్లో చూశాను. నేను అయిదు రోజులకు లెక్కేసుకుని డబ్బు తెచ్చుకున్నాను. అక్కడే మొదటి పొరపాటు జరిగిపోయింది.

రెండో పొరపాటు మా ఆఫీసుది. వెళ్ళేది చిన్న ఏటీఆర్ విమానం, బరువు విషయంలో మహా పట్టింపు. రిపేరు సామాన్లలో మెంబ్రేన్లు, అంటే నీళ్ళలోంచి ఉప్పును వడకట్టే గొట్టాలు, పెద్దవి, ఒక్కొక్కటి మీటరు పైన పొడవు. వాటిని నాతో పంపకుండా "ముందే ఓడలో వేసేశాం, నువ్వు దిగేసరికి అక్కడుంటాయి" అన్నారు. నేను నమ్మాను.

వీసా పెద్ద కష్టం కాలేదు. ఫిజీలో మన పాస్‌పోర్టుకు ముందస్తు వీసా అక్కర్లేదు, తువాలులో దిగాక ఇస్తారు. నాది పని కాబట్టి పిలిచిన సంస్థవాళ్ళు ముందే ఇమ్మిగ్రేషన్‌కు ఉత్తరం రాసి పెట్టారు. తిరుగు టికెట్ చూపించమన్నారు, ఫీజు నోట్లలో కట్టించుకుని ముద్ర వేశారు, అంతే.

ఆ దిగడమే వింత. సువా పక్కన నౌసోరి నుంచి ఉత్తరానికి రెండున్నర మూడు గంటలు నీళ్ళ మీదే ఎగిరాక, కింద ఒక పచ్చటి దారప్పోగు కనపడుతుంది. దాన్ని దీవి అనుకోవడానికి మనసొప్పదు. ఒక పక్క ముదురు నీలం మహాసముద్రం, ఇంకో పక్క దీవుల వలయం లోపలి లేత ఆకుపచ్చ నీళ్ళు, అదే లగూన్, మధ్యలో ఆ పోగు. అదే ఫొంగాఫలె, రాజధాని ఫునాఫుటిలో జనం ఉండే ముక్క. పన్నెండు కిలోమీటర్ల పొడవు, బాగా వెడల్పున్న చోట నాలుగు వందల మీటర్లు. ఆ వెడల్పున్న చోటునంతా రన్‌వే తినేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద పోరుకు అమెరికా సైన్యం వేసుకున్న రన్‌వే అది, అప్పట్లో మన్ను కోసం తవ్విన గుంటలు డెబ్బై ఏళ్ళు అలాగే ఉండి, 2015లో గాని పూడలేదు. విమానం వచ్చే ముందు సైరన్ మోగుతుంది, కుక్కల్ని, పిల్లల్ని పక్కకు తప్పుకోమని. విమానం వెళ్ళిపోయాక ఆ రన్‌వే మళ్ళీ ఊరిది: సాయంత్రం వాలీబాల్, ఫుట్‌బాల్, బండి నేర్చుకునేవాళ్ళు, ఉక్కపోత రాత్రుళ్ళు చాపలేసుకుని పడుకునేవాళ్ళు. మా ఊళ్ళో వడ్లు ఆరబోసుకునే తారురోడ్డు గుర్తొచ్చింది.

దేశమంతా కలిపి 26 చదరపు కిలోమీటర్లు. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఇచ్చిన 5,500 ఎకరాలు ఉన్నాయి చూడండి, అదే 22. ఇంకో చిన్న ముక్క కలిపితే ఒక దేశం. జనం పదకొండు వేలకు అటూ ఇటూ, అందులో సగానికి పైగా ఫునాఫుటిలోనే. అయితే వాళ్ళ సముద్రం మాత్రం ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే, ఆంధ్ర, తెలంగాణ కలిపితే వచ్చేదానికి రెండున్నర రెట్లు. ఈ రెండు అంకెలు మనసులో పెట్టుకోకపోతే ఆ దేశం ఎలా బతుకుతుందో అర్థం కాదు.

మర్నాడు పొద్దున యూనిట్ విప్పి చూశాను. చిన్న సముద్రపు నీటి ఆర్‌ఓ, రోజుకు పదివేల లీటర్లది. పంపు సీళ్ళు పోయాయి, అది నా దగ్గరున్న కిట్‌తో అయిపోతుంది. మెంబ్రేన్లే చచ్చిపోయాయి. సంగతేమిటంటే వాడక ఆపేశారు. ఆర్‌ఓ మెంబ్రేన్ ఆడుతున్నంత కాలమే బతుకుతుంది, ఆపాలంటే సోడియం మెటాబైసల్ఫైట్ అనే మందు కలిపిన నీళ్ళు పట్టించి మూసి ఉంచాలి, లేకపోతే లోపల నాచులాంటిది పట్టి కుళ్ళిపోతుంది. "ఎందుకు ఆపారు?" అంటే, దాన్ని చూసుకునే కుర్రాడు ఆకాశం వైపు చూపించి నవ్వాడు. వాన. ఫునాఫుటిలో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది, మా గోదావరి జిల్లాల్లో పడేదానికి రెండు మూడు రెట్లు. ప్రతి ఇంటికీ రేకుల కప్పు, దానికి గట్టర్, కింద ట్యాంకు. నది లేదు, చెరువు లేదు, బావి నీళ్ళు తాగడానికి పనికిరావు, ఆకాశం నుంచి పడిందే తాగాలి. పడినన్నాళ్ళు యంత్రం ఎవరికి కావాలి? 2011లో వానలు మొహం చాటేస్తే ఎమర్జెన్సీ పెట్టి ఇంటికి రోజుకు రెండు బకెట్లు, అంటే 40 లీటర్లు, రేషన్ ఇచ్చారట. బయటి దేశాలు యంత్రాలు మోసుకొచ్చాయి. అప్పటి భయంతోనే ఈ యూనిట్ కూడా పెట్టుకున్నారని ఆ కుర్రాడే చెప్పాడు, అప్పటికి తనకు పదేళ్ళట.

మధ్యాహ్నం రేవుకు వెళ్ళి అడిగాను. ఓడ సువాలోనే ఉంది. వాతావరణం బాగోలేదు, వారం పట్టొచ్చు.

అలా మొదలైంది నా ఎదురుచూపు. తమాషా ఏమిటంటే ఆ నెలలో దేశం మొత్తం కూడా పడవ కోసమే ఎదురుచూస్తోంది. జనవరి 26న ఎన్నికలు అయిపోయాయి, పదహారు మంది ఎంపీలు గెలిచారు, ఉన్న ప్రధానమంత్రి కౌసేయా నతానో తన సీటే ఓడిపోయాడు. కొత్త ప్రధానిని ఎన్నుకోవాలి. బయటి దీవుల నుంచి రావలసిన ఎంపీలు గాలివానలకు పడవ కదలక అక్కడే చిక్కుకుపోయారు. వేరే దీవులకు విమానాల్లేవు, ప్రభుత్వ పడవలే దిక్కు. మా లాడ్జి ఆవిడ రోజూ టిఫిన్ పెడుతూ "మీ గొట్టాలు వచ్చాయా?" అని అడగడం, నేను "మీ ఎంపీలు వచ్చారా?" అనడం, ఇద్దరం నవ్వుకోవడం.

అక్కడి రాజకీయం నాకు అర్థమవడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే పార్టీలే లేవు. జెండాల్లేవు, గుర్తుల్లేవు, మైకుల్లేవు. మనకు పార్టీ లేకుండా ఓటు ఊహించుకోవడమే కష్టం. అక్కడ ప్రతి దీవి తన మనుషుల్ని పంపుతుంది, వాళ్ళు వచ్చాక కూడబలుక్కుని ఎవరి వెనక తొమ్మిది మంది చేరితే వాళ్ళు ప్రధాని. ఆ లెక్క ఎప్పుడైనా మారొచ్చు కాబట్టి ప్రభుత్వాలు పడిపోవడమూ మామూలే. రాజు బ్రిటన్ రాజు చార్లెస్, ఆయన తరఫున గవర్నర్ జనరల్ ఒక తువాలు మనిషే. 1978 అక్టోబరు 1 వరకు బ్రిటిష్‌వాళ్ళ కింద ఉండేది, మొదట్లో పేరు ఎల్లిస్ దీవులు, అప్పుడు ఇప్పటి కిరిబాటి దేశంతో కలిపి ఒకే కాలనీ. భాష వేరు, మనుషులు వేరు, మేం మీతో ఉండం అని 1974లో ఓటేసి విడిపోయారు. ఆ మాట విని నాకు వేరే ఉద్యమాలు గుర్తొచ్చాయి, అది వేరే కథ. అయినా నుయి అనే ఒక దీవిలో మాత్రం ఇప్పటికీ కిరిబాటి భాషే మాట్లాడతారు, గీతలు గీసేటప్పుడు ఇలాంటివి మిగిలిపోతాయి.

తువాలు అంటే 'ఎనిమిదీ కలిసి నిలబడడం' అని అర్థం, వలు అంటే ఎనిమిది. దీవులు మాత్రం తొమ్మిది. తొమ్మిదోది నియులకిత, చాలా చిన్నది, పేరు పెట్టే లెక్కలోకి రాలేదు. ఊరి పెద్దలు కూర్చునే మండపాన్నీ ఆ సభనీ కూడా ఫలెకౌపులె అంటారు, దానికి 1997లో చట్టం కూడా చేసి స్థానిక పాలన చేతిలో పెట్టారు. గోడల్లేని హాలు, చాపలు, పెద్దవాళ్ళు స్తంభాలకు ఆనుకుని కూర్చుంటారు. రచ్చబండకు కప్పు వేస్తే అలాగే ఉంటుంది.

వారం దాటాక నా డబ్బులు అయిపోవచ్చాయి. ఆఫీసు నుంచి బ్యాంకుకు పంపించుకోవాలి, బ్యాంకు పనివేళలు కొద్ది గంటలే, లైను పెద్దది, శని ఆదివారాలు తాళం. ఆదివారం అయితే బ్యాంకే కాదు, ఊరే మూసేస్తారు. అందరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్తారు, పాట నాలుగు గొంతుల్లో లేస్తుంది, ఆ పాటకోసమైనా వెళ్ళొచ్చు. నేనొక ఆదివారం పంపు దగ్గర పానా పట్టుకుని కూర్చుంటే లాడ్జి ఆవిడ వచ్చి పానా చేతిలోంచి తీసేసుకుంది. మా అమ్మమ్మ అమావాస్య రోజు చేసే పనే.

ఖాళీగా కూర్చుని చేసేదేముంది, అందరితో మాట్లాడాను. నాకు తట్టిన విషయం ఒకటే, ఈ దేశం బతికేది అద్దెల మీద. తిట్టుగా అనడం లేదు, మెచ్చుకోలుగానే అంటున్నాను. పంట లేదు, ఫ్యాక్టరీ లేదు, టూరిస్టులు ఏడాదికి కొన్ని వందలో వేలో. ఉన్నదల్లా సముద్రం. అందులో ట్యూనా. ఆ చేపను వాళ్ళు పెద్దగా పట్టరు, పట్టుకునే రోజుల్ని అమ్ముతారు. పక్కనున్న దేశాలతో కలిసి ఎనిమిది దేశాల కూటమి ఒకటి ఉంది, విదేశీ ఓడ వాళ్ళ నీళ్ళలో ఒక రోజు వల వేయాలంటే కనీసం 8,000 అమెరికా డాలర్లు అని ధర కట్టారు. చేప పడినా పడకపోయినా రోజుకు డబ్బే. చేపల చెరువులు లీజుకిచ్చే మా పశ్చిమ గోదావరి వాళ్ళకు ఈ లెక్క ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. సర్కారు సొంత ఆదాయంలో అన్నిటికంటే పెద్ద భాగం ఇదే.

రెండో అద్దె ఇంకా విచిత్రం. ఇంటర్నెట్‌లో ప్రతి దేశానికీ రెండక్షరాల తోక ఇచ్చినప్పుడు మనకు డాట్ ఇన్ వస్తే వీళ్ళకు డాట్ టీవీ వచ్చింది. లాటరీ తగిలినట్టే. వీడియోల కంపెనీలన్నీ ఆ తోక కావాలన్నాయి, దాన్ని అమెరికా కంపెనీకి లీజుకిచ్చి ఏటా కోట్లలో తీసుకుంటున్నారు. 2000లో ఐక్యరాజ్యసమితిలో చేరడానికి, అక్కడ ఆఫీసు పెట్టుకోవడానికి ఆ డబ్బే పనికొచ్చింది. అంతకు ముందు 1990ల్లో 688 అనే ఫోన్ కోడ్‌ను కూడా అద్దెకిస్తే, అది రాత్రిపూట కబుర్ల లైన్లకు వాడుతున్నారని తెలిసి చర్చి జనం గోల చేశారట. ఇది చెప్పినప్పుడు లాడ్జి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

స్టాంపులు అమ్ముతారు, కుర్రాళ్ళు అమటుకు దీవిలో ఉన్న నావికుల బడిలో నేర్చుకుని విదేశీ ఓడల మీద పనిచేసి డబ్బు పంపుతారు, సాయం చేసే దేశాలు ఉండనే ఉన్నాయి. 1987లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ తలా కొంత వేసి పెట్టిన ట్రస్ట్ ఫండ్ ఉంది, కరువు సంవత్సరంలో దాని రాబడి నుంచి తీసుకుంటారు. మనింట్లో నానమ్మ దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. తైవాన్ వాళ్ళు కూరగాయల తోట నడుపుతున్నారు, దోసకాయల కోసం తెల్లవారుజామునే జనం బుట్టలతో లైను కడతారు. నేనూ నిలబడ్డాను, రెండు దోసకాయలు, ఒక ఆకుకూర కట్ట దొరికాయి, ఆ రోజుకు నాకదే పండగ.

అన్నీ అద్దెకిచ్చేవాళ్ళు నేలను మాత్రం అమ్మరు. భూమి కుటుంబాలది, ఆ ఉమ్మడి వాటాను కైతాసి అంటారు. కై అంటే తినడం, తాసి అంటే ఒకటి, ఒక్క కంచంలో తినడం అన్నమాట. బయటివాడు కొనలేడు, ప్రభుత్వం కూడా తన ఆఫీసుల స్థలానికి ఆ కుటుంబాలకు లీజు కడుతుంది. ఒక ముసలాయనను "మీ స్థలం ఎంత?" అని అడిగితే సెంట్లలో చెప్పలేదు, ఫలానా కొబ్బరి చెట్టు నుంచి ఫలానా పులక గుంట దాకా అన్నాడు. పులక మన చేమదుంప జాతిదే కాని మహా పెద్దది, ఆకు కింద ఇద్దరు మనుషులు వానకు నిలబడొచ్చు. పగడపు రాయిని లోతుగా తవ్వి, అడుగున తేలే మంచినీటి పొర దాకా వెళ్ళి, ఆకులు కుళ్ళబెట్టి ఎరువు చేసి అక్కడ నాటుతారు. కొబ్బరి పూగెల కోసి తీసే తియ్యటి నీళ్ళను కలేవే అంటారు. మన కల్లుకూ దానికీ చుట్టరికం ఉండదనే అనుకుంటా, కాని గ్లాసు పట్టుకుని ఆ పేరు వింటే అనుమానం వస్తుంది.

అమావాస్య వెళ్ళిన తర్వాత పెద్దపోటు వచ్చింది. మా వైపు పోటంటే నీళ్ళు కాలవలోకి ఎగదన్నడం, కట్ట తెగితే ఊళ్ళోకి రావడం. నేను గట్టు వైపే చూస్తూ నిలబడ్డాను. నీళ్ళు గట్టు దాటలేదు. నా వెనక, రోడ్డు పక్క, గడ్డిలోంచి బుడగలు బుడగలుగా పైకి వచ్చాయి. నేలంతా పగడపు గుల్ల, జల్లెడ, కింద సముద్రం లేస్తే అది నేల లోపలి నుంచే లేస్తుంది. అరగంటలో చీలమండల దాకా. నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతో చెప్పే టీడీఎస్ మీటరు జేబులో ఉంది, అలవాటు కొద్దీ ముంచి చూశాను, మీటరు పరిధి దాటిపోయింది. అక్కడ ఒక ఇంటివాళ్ళు పందుల్ని ఎత్తు మీదికి తోలుకున్నారు, పిల్లలు ఆడుకుంటున్నారు, ఎవరూ కేకలు వేయలేదు. ఆ ఇంటి వెనక గుంటలో పులక ఆకులు పసుపు పచ్చగా మారి ఉన్నాయి, ఉప్పు తగిలి అలా అయ్యాయని చెప్పారు. దేశంలో అన్నిటికంటే ఎత్తైన చోటే అయిదు మీటర్లు లేదు. లగూన్ ఒడ్డున ఇసుక తోడిపోసి కొత్తగా కట్టిన మెరక మీద మాత్రం నీటి జాడ లేదు, ఏడు హెక్టార్ల పైచిలుకు, పెద్ద పెద్ద గుడ్డ గొట్టాల్లో ఇసుక నింపి అంచు వేశారు. ఉప్పాడలో కెరటాలకు అడ్డం వేసిన గొట్టాలను చూసినవాళ్ళకు అది కొత్త కాదు. అక్కడ ఎలా ఉంటుందో చూడాలి.

మూడో వారంలో ఎంపీల పడవ వచ్చింది. ఫిబ్రవరి 26న ఫెలెతి తెయోను పోటీ లేకుండా ప్రధానిగా ఎన్నుకున్నారు. ఆయన మాజీ అటార్నీ జనరల్, పసిఫిక్ ట్యూనా కమిషన్ నడిపిన మనిషి. అద్దెల లెక్క ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. నా ఓడ కూడా అదే వారం వచ్చింది. ఓడ వచ్చిన రోజు ఊరు ఊరంతా రేవులోనే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న షాపుల్లో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, గుడ్లు. లాడ్జి ఆవిడ నన్ను దూరం నుంచే పిలిచి "మీ గొట్టాలు!" అని అరిచింది.

తర్వాతి పని రెండు రోజులది. మెంబ్రేన్లు ఎక్కించి, ఫిల్టర్లు మార్చి, ప్రెషర్ మెల్లగా 55 బార్ దాకా పెంచాను. మొదటి గంట నీళ్ళు పారబోశాం. రెండో రోజు మధ్యాహ్నం టీడీఎస్ 280 చూపించింది. సముద్రం నీళ్ళు 35 వేలు. కుర్రాడికి గ్లాసు ఇస్తే తాగి, "వాన నీళ్ళే బాగుంటాయి" అన్నాడు. నిజమే, బాగుంటాయి. మెటాబైసల్ఫైట్ డబ్బా చూపించి, ఆపినప్పుడు ఎలా కలపాలో గోడ మీద మార్కర్‌తో బొమ్మ గీసి, ఇద్దరిచేత రెండుసార్లు చేయించి వచ్చాను. వెళ్ళేముందు రోజు రాత్రి ట్యూనాతో చేపల పులుసు పెట్టాను, చింతపండు సువా నుంచి తెచ్చుకున్నదే. లాడ్జి ఆవిడ ఒక ముద్ద తిని పక్కన పెట్టేసింది.

ఆ కుర్రాడు ఇప్పటికీ మెసేజ్‌లు పెడతాడు. ఆస్ట్రేలియాతో వాళ్ళకు ఫలెపిలి అనే ఒప్పందం ఉంది, ఫలెపిలి అంటే పక్క పక్క ఇళ్ళు, ఇరుగుపొరుగు. దాని కింద ఏటా 280 మందికి ఆస్ట్రేలియాలో శాశ్వతంగా ఉండే వీసా, లాటరీ తీసి ఇస్తారు. 2025 జూన్, జూలైల్లో మొదటిసారి పేర్లు తీసుకుంటే కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది రాయించుకున్నారు, దేశంలో ఉన్నదే పదకొండు వేలు. దరఖాస్తుకు 25 డాలర్లు. వీళ్ళింట్లో నలుగురి పేర్లు పెట్టారు, రాలేదు. వచ్చే ఏడు మళ్ళీ పెడతాం అన్నాడు. వాళ్ళ తాత మాత్రం పేరు ఇవ్వనన్నాడట, పులక గుంట ఎవరు చూస్తారని.

మొన్న నవంబరులో అడిగాను, యూనిట్ ఎలా ఆడుతోందని. "వానలు బాగున్నాయి, ఆపేశాం" అని రాశాడు. మందు కలిపారా అంటే ఇంకా జవాబు లేదు.